వేషం కొన్నవాడిదే నాటకం

యలహంక, దొడ్డబళ్లాపురం దాటి, మాకళిదుర్గం కొండల సందులోంచి రైలు బయటపడ్డాక తొండేభావి వస్తుంది. తర్వాత గౌరీబిదనూరు. ఇంకొంచెం ముందుకు పోతే హిందూపురం, అంటే ఆంధ్ర. కన్నడంలో తొండె అంటే మన దొండ. బావి రెండు భాషల్లోనూ బావే. బోర్డు మీద ఏ లిపి ఉన్నా ఊరి పేరు ఇద్దరికీ అర్థమవుతుంది. చిక్కబళ్లాపుర జిల్లాలో చాలా పల్లెల సంగతి ఇంతే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో ఎదుటివాడి మొహం చూసి ఏది తోస్తే అది.

ఇలాంటి చోట ఎవరైనా ఒక నాటక సమాజం పెట్టి, ఇప్పటిదాకా వేదిక ఎక్కని కథలు ఎక్కిస్తాం, ఎవరూ వినని గొంతులు వినిపిస్తాం అంటే ఏమవుతుంది? మొదటి ప్రశ్న కథ గురించి రాదు. "ఏ పార్టుకు ఎంత?" అని వస్తుంది. పట్నం నాటకాలవాళ్లు ఇది విని నవ్వుకుంటారు. నవ్వాల్సిన పని లేదు. పల్లె నాటకం ఇన్నాళ్లు ఎలా బతికిందో, కొత్త నాటకం ఎందుకు రాలేకపోతోందో రెండూ ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. అందుకే దాన్ని కాస్త విప్పి చూద్దాం.

పట్నంలో నాటకానికి డబ్బు చూసేవాడి జేబులోంచి టికెట్టుగా వస్తుంది, లేదంటే ప్రభుత్వమో ఏదో సంస్థో ఇస్తుంది. పాత మైసూరు సీమ పల్లెల్లో ఔత్సాహికులు ఆడే పౌరాణిక నాటకానికి పెట్టుబడి నటుడిదే. పంటలు ఇంటికి చేరాక, సంక్రాంతికీ ఉగాదికీ మధ్యనో, ఊరి జాతర ముందో, నలుగురు కూర్చుని ఈ ఏడు నాటకం కట్టాలనుకుంటారు. హార్మోనియం మేష్టరును కుదుర్చుకుంటారు. ఆయన ఊరికి వచ్చి వారాల తరబడి రాత్రిపూట తాలీము చేయిస్తాడు. రాగం ఆయనే చెబుతాడు, గద ఎక్కడ పైకెత్తాలో ఆయనే చెబుతాడు, మాట మర్చిపోతే పక్కనుంచి ఆయనే అందిస్తాడు. నాటకం రాసింది ఎవరో ఊరికి తెలియకపోవచ్చు, దర్శకుడనే మాట వినబడకపోవచ్చు, మేష్టరు మాత్రం ఉండి తీరాలి. తెరలు, కిరీటాలు, భుజకీర్తులు, లైట్లు, మైకు అన్నీ అద్దెవి. ఈ ఖర్చంతా లెక్కగట్టి పార్టుల మీద వేస్తారు.

అందరి మీదా సమానంగా వేయరు. దుర్యోధనుడు, కృష్ణుడు, భీముడు, కర్ణుడు అంటే పద్యాలు ఎక్కువ, రంగాలు ఎక్కువ, కాబట్టి ధర ఎక్కువ. ద్వారపాలకుడు చవక. ఒకే కురుక్షేత్రంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు కనబడటం కూడా మామూలే. రాయబారానికి వెళ్లే కృష్ణుడు ఒకడు, రథం తోలే కృష్ణుడు మరొకడు. కొత్తగా చూసేవాళ్లు తికమకపడతారుగానీ ఊరివాళ్లు పడరు. ఖర్చు పంచుకోవాలంటే కృష్ణుణ్ని కూడా పంచుకోవాల్సిందే మరి.

ఈ పద్ధతిని వెక్కిరించడం సులువు. కానీ దీనికున్న బలం చూడండి. ఇది ఎవరి గ్రాంటు కోసమూ కాచుకుని కూర్చోదు. ట్రాక్టరు తోలేవాడు, పట్టుపురుగులు పెంచేవాడు, బస్సు కండక్టరు, పంచాయతీ మెంబరు ఒకే వేదిక మీద కిరీటాలు పెట్టుకుని నిలబడతారు. చుట్టాలు పక్క ఊళ్ల నుంచి పూలదండలు పట్టుకుని వస్తారు. పద్యం బాగా ఎత్తుకుంటే ఒన్స్‌మోర్ కేకలు, చదివింపులు చదవడానికి మధ్యమధ్య ఆగే యుద్ధం, పిల్లలు చాపల మీదే నిద్రపోవడం, తెల్లవారుజామున దుర్యోధనుడు తొడ విరిగి పడిపోవడం. వృత్తి నటులు కాని ఊరి మనుషులు తమ ఊరి కోసం తామే ఖర్చు పెట్టుకుని ఆడటాన్ని ప్రపంచంలో మిగతా చోట్ల పెద్ద పేరు పెట్టి ఒక ఉద్యమంగా చెబుతారు. ఇక్కడ దానికి పేరు కూడా లేదు. డ్రామా, అంతే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పార్టు కొనేవాడికి సరుకు ముందే తెలిసి ఉండాలి. దుర్యోధనుడి పార్టు వాళ్ల నాన్న వేసి ఉంటాడు, చిన్నప్పుడు చాప మీద కూర్చుని చూసి ఉంటాడు, ఆ పద్యాలు పొలం గట్టు మీద వందసార్లు పాడుకుని ఉంటాడు. దానికి డబ్బు పెట్టడం చూసిన పొలం కొన్నట్టు. కొత్త నాటకంలో పార్టు కొనడం చూడని పొలం కొన్నట్టు. అందులో పద్యాలుంటాయో లేదో, జనం దండ వేస్తారో లేదో ఎవరికి తెలుసు? కొత్త నాటకాల్లో ఒక్కడే హీరోగా ఉండటం కూడా తక్కువ. ఎనిమిది మంది కూలీలు కలిసి మాట్లాడే నాటకంలో ఎవరి పార్టు ఖరీదు ఎక్కువ? పద్యాల లెక్క మీద నిలబడ్డ ఈ సంతలో అలాంటి నాటకానికి ధర కట్టే తూనికే లేదు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. పార్టు కొనలేనివాడికి పార్టు ఉండదు. వేదిక ముందు కూర్చుని చూడొచ్చు, వేదికకు గుంజలు పాతొచ్చు, జాతరకు తప్పెట కొట్టొచ్చు. కిరీటం మాత్రం రాదు. ఇక ఆడవాళ్ల సంగతి మరీ విచిత్రం. ద్రౌపది, రుక్మిణి, ఉత్తర పార్టులకు ఊరి ఆడవాళ్లను సాధారణంగా అడగరు. పట్నం నుంచి నటీమణుల్ని మాట్లాడుకుని తెస్తారు. వాళ్లు నాటకం దగ్గరపడ్డాక వచ్చి, ఎన్నో ఊళ్లలో ఆడిన పార్టునే ఈ ఊరి మేష్టరు శ్రుతికి సర్దుకుని, తెల్లారగానే బస్సెక్కి మరో ఊరికి పోతారు. నన్నడిగితే ఆ వేదిక మీద అసలైన కళాకారులు వాళ్లే. డబ్బిచ్చి కాకుండా డబ్బు తీసుకుని ఆడేది, పని తెలిసి ఆడేది వాళ్లు. ఊరు వాళ్ల పేరు అడగదు. మరుగున పడ్డ గొంతుల్ని వినిపిస్తామనే సమాజం ఎక్కడో వెతకక్కర్లేదు, ఆ మేకప్పు గదిలో ఒక మూల ట్రంకుపెట్టె మీద కూర్చున్నావిడను పలకరిస్తే చాలు.

ఈ సీమలో భారతం అంత గట్టిగా నాటుకోవడానికి డబ్బు ఒక్కటే కారణం అనుకోవడం తప్పు. ఇక్కడి నేలలోనే భారతం ఉంది. చింతామణి తాలూకాలోని కైవారాన్ని జనం ఏకచక్రపురం అంటారు. భీముడు బకాసురుణ్ని చంపింది అక్కడేనని చెబుతారు. గౌరీబిదనూరు దగ్గర ఉత్తర పినాకిని ఒడ్డున విదురాశ్వత్థం ఉంది. అక్కడి రావిచెట్టును విదురుడు నాటాడని కథ. మీ ఊరి కొండ మీదే భీముడు తిరిగాడని నమ్మేవాళ్లకు భీముడి వేషం కట్టడం పరాయి కథ ఆడటం అవదు. తూర్పున చిత్తూరు సీమలో ధర్మరాజు గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ మీద వధ. పడమట తుమకూరు వైపు మూడలపాయ యక్షగానం. రెంటికీ నడుమ కోలారు, చిక్కబళ్లాపురం ప్రాంతాల్లో కేళికె అనే ఆట ఉంది. తెలుగు వీధినాటకానికీ కన్నడ బయలాటకూ పుట్టిన బిడ్డ లాంటిది. పాటలో ఒక భాష, మాటలో ఇంకో భాష దొర్లినా దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

లిపి విషయం కూడా ఇక్కడే చెప్పాలి, ముందుముందు పనికొస్తుంది. కైవార తాతయ్యగా పిలిచే యోగి నారేయణ యతీంద్రులు తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టారు. ఆయన తెలుగు కీర్తనల్ని ఇక్కడి భక్తులు చాలామంది చదివేది కన్నడ లిపిలో. తెలుగు మాట్లాడతారు, పాడతారు, ఏడుస్తారు, తిడతారు. తెలుగు అక్షరం మాత్రం రాదు. బడి కన్నడంలో జరిగితే అంతే కదా. ఆంధ్ర నుంచి అచ్చుపుస్తకంగా వచ్చే కొత్త తెలుగు నాటకం ఈ ఊళ్లకు చేరకపోవడానికి దూరం అడ్డు కాదు. హిందూపురం గంట దూరం కూడా ఉండదు. అడ్డు వచ్చేది అక్షరం.

పాత నాటకం ఎప్పటికీ కదలని రాయి అనుకోవడం కూడా తొందరపాటే. బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్ర తెలుగు పల్లెల్లో ఆడని ఊరు లేదు. అందులో కాటి సీనుకు వచ్చేసరికి నటులు బలిజేపల్లి పద్యాలతో ఆగలేదు. గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు తెచ్చి కలుపుకున్నారు. జనం వాటికోసమే కాచుకుని కూర్చునేదాకా వచ్చింది. అంటరానివాడని ఊరు దూరం పెట్టిన కవి ఊరి నడిబొడ్డున, హరిశ్చంద్రుడి నోటినుంచి, హార్మోనియం శ్రుతి మీద వినిపించాడు. ఏ సంస్థా పూనుకుని చేసిన పని కాదిది. పద్యం బాగుంది, నటుడికి దండలు పడ్డాయి, అంతే. పార్టు సంతకు కూడా కొత్త గొంతును లోపలికి తెచ్చుకునే సందు ఒకటి ఉందన్నమాట. అయితే పద్యం వచ్చింది, పద్యం రాసినవాడి పేటలోంచి నటుడు రాలేదు.

ఇప్పుడు కొత్త నాటకాలు వరసగా పుట్టిన చోటొకటి చూద్దాం. అది కూడా ఇవాళ కర్ణాటకలోనే ఉంది. బళ్లారి.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ వకీలు. బయటి నుంచి వచ్చిన నాటక కంపెనీల్ని చూసి, మనమెందుకు ఆడకూడదని 1880ల్లో సరసవినోదినీ సభ పెట్టారు. ఆడటానికి తెలుగులో నాటకాలు పెద్దగా లేవు. అంచేత తానే రాశారు, ఒకటీ రెండూ కాదు, సుమారు 30. చిత్రనళీయంతో మొదలుపెట్టి విషాద సారంగధర దాకా. విషాదంతో ముగిసే నాటకం తెలుగు వేదికకు అప్పటికి కొత్త. అదే ఊళ్లో, అదే వృత్తిలో కోలాచలం శ్రీనివాసరావు పోటీగా మరో సభ నడిపారు. ధర్మవరం పురాణం రాస్తే ఈయన చరిత్ర రాశారు. ఆయన రామరాజు చరిత్ర విజయనగర పతనం కథ, హంపి పక్కనే ఉన్న జనానికి అది ఇంటి గోడు. ధర్మవరం మేనల్లుడు బళ్లారి రాఘవ, ఆయనా వకీలే, ఈ రెండు సభల తర్వాత వేదిక మీద అరుపులు తగ్గించి మాట్లాడటం నేర్పారు. ఆడవాళ్ల పార్టులు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, కొప్పరపు సరోజిని, కొమ్మూరి పద్మావతి లాంటివాళ్లను చదువుకున్న ఇళ్ల నుంచి వేదిక మీదికి తెచ్చారు. తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో, హిందీలో ఆడారు. పి.వి. రాజమన్నారు రాసిన తప్పెవరిది లాంటి సాంఘిక నాటకాలు వేశారు. 1946లో పోయారు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. తెలుగు నాటకం పుట్టిళ్లలో ఒకటి రాష్ట్రం మారిపోయింది.

బళ్లారిలో పార్టు ఎవరూ కొనలేదు. సభ శాశ్వతంగా ఉంది, సభ్యులు ఏడాది పొడవునా కలుస్తారు, ఖర్చు సభది, రాసేవాడు సభలోనే కూర్చుని ఉంటాడు. ఎవరికి ఏ గొంతు ఉందో చూసి దానికి సరిపడా పార్టు రాస్తాడు. నాటకం పండకపోతే వచ్చే నెల మరోటి. తొండేభావి పక్క పల్లెలో నాటకం కట్టేది ఒక రాత్రి కోసం పుట్టే బృందం. తెరలు విప్పి లారీలో వేసుకుని పోయాక ఆ బృందం ఉండదు. మళ్లీ ఎప్పుడు కడతారో, కట్టినా అదే మనుషులు ఉంటారో లేదో. రేపు ఉండని బృందానికి ఎవరు కొత్త నాటకం రాస్తారు? కొత్త నాటకానికి కావలసింది ప్రతిభ కన్నా ముందు ఒక శాశ్వతమైన కూడలి. బళ్లారి వకీళ్లకు అది ఎలా కుదిరిందంటే, వాళ్లకు ఫీజులు వచ్చేవి, సాయంత్రాలు ఖాళీగా ఉండేవి. ఈ మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. అది వకీళ్ల సమాజం. గొంతు వినిపించనివాళ్లు అక్కడా ఉన్నారు.

ఆ వినిపించనివాళ్ల కోసం డబ్బు లెక్కను పూర్తిగా తిరగేసిన ప్రయత్నం 1943లో మొదలైన ప్రజానాట్యమండలి. డాక్టరు గరికపాటి రాజారావు లాంటివాళ్లు నడిపారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమిని తెలంగాణ రైతుల పోరాటం జరుగుతుండగానే ఆంధ్ర పల్లెల్లో ఆడారు. కథ పత్రికలో వచ్చిన వార్తంత వేడిగా ఉంది. బుర్రకథ, వీధినాటకం లాంటి పాత ఆటలకు కొత్త కథ ఎక్కించారు. ఇక్కడ పెట్టుబడి కమ్యూనిస్టు పార్టీదీ, ఊళ్లలో అన్నం పెట్టిన ఇళ్లదీ. ఎవరు ఏ పార్టు వేయాలో జేబు చెప్పలేదు. అయితే మద్రాసు ప్రభుత్వం మా భూమిని నిషేధించింది, పార్టీ మీద నిర్బంధం పెరిగాక దళాలు చెదిరాయి. ఉద్యమం డబ్బిచ్చే నాటకానికి ఉద్యమం ఆయుష్షే తన ఆయుష్షు.

కన్నడంలో ఇలాంటి పని 1975లో బెంగళూరులో పుట్టిన సముదాయ అనే నాటక బృందం చేసింది. వాళ్లు వీధుల్లో ఆడిన నాటకాల్లో సి.జి. కృష్ణస్వామి కట్టిన బెల్చి ఒకటి. 1977లో బీహారులోని బెల్చి గ్రామంలో దళితులతో సహా 11 మందిని చంపి కాల్చేసిన సంగతి అది. తెర లేదు, కిరీటం లేదు, గుండ్రంగా నిలబడ్డ జనం, నడుమ నటులు. చూసినవాళ్లు ఎక్కడో బీహారులో ఇలా జరిగిందని బాధపడి ఉంటారు.

2000 మార్చి 11న చింతామణి తాలూకాలోని కంబాలపల్లిలో ఏడుగురు దళితులను ఇంట్లో పెట్టి తగలబెట్టారు. 2006లో కింది కోర్టు నిందితులందర్నీ వదిలేసింది, 2014లో హైకోర్టు ఆ తీర్పునే ఉంచింది. బెల్చి బీహారులో లేదని అప్పుడు తెలిసింది. ఈ సీమలో కొత్త నాటకం అవసరమా అని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది కంబాలపల్లే. అక్కడి మాటను ఏ దుర్యోధనుడి పద్యంలోనూ ఇరికించలేం.

ఇక ఈ చుట్టుపక్కల, ఇవాళ్టి రోజుల్లో, శాశ్వతమైన కూడలి ఒకటి నిలబెట్టిన ఉదాహరణకు వద్దాం. చిక్కబళ్లాపుర జిల్లా 2007లో విడిపోయేదాకా కోలారు జిల్లాలో భాగం. ఆ కోలారు పట్నం పక్కన అంతరగంగ కొండల మీద తేరహళ్లిలో ఆదిమ అనే సాంస్కృతిక కేంద్రం ఉంది. దళిత ఉద్యమంలోంచి వచ్చిన కవి, నాటకకర్త కోటిగానహళ్లి రామయ్య తోటివాళ్లతో కలిసి దాన్ని నిలబెట్టారు. అక్కడ పౌర్ణమి రాత్రి జరిగే కార్యక్రమం పేరు హుణ్ణిమె హాడు, అంటే పున్నమి పాట. నాటకాలు, పాటలు, తప్పెట, పిల్లల ఆటలు ఆ కొండ మీద, ఆరుబయట.

ఇందులో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచింది తేదీ. పున్నమికి కరపత్రం అక్కర్లేదు. ఎవరికీ ఫోన్ చేసి చెప్పక్కర్లేదు, తల పైకెత్తి చూస్తే తెలిసిపోతుంది. లైట్ల అద్దె సగం తగ్గుతుంది, ఇది నవ్వులాటకు అనడం లేదు, పల్లె నాటకం ఖర్చులో లైట్లు పెద్ద భాగం. ఈ పున్నమికి ఆడినవాడికి వచ్చే పున్నమి ఉందని తెలుసు. కాబట్టి ఒకసారి బాగా రాకపోతే ప్రాణం మీదికి రాదు. ఏడాదికొక రాత్రి, అదీ సొంత డబ్బుతో ఆడేవాడు ప్రయోగం చేయడు. నెలనెలా ఆడేవాడు చేస్తాడు. వేషం కొనాల్సిన పని లేనిచోట వేషం ఎవరికి నప్పుతుందన్న ప్రశ్న మొదటిసారి అడగడానికి వీలవుతుంది.

తొండేభావిలో, లేదా గౌరీబిదనూరు, బాగేపల్లి వైపు ఏ ఊళ్లోనైనా అలాంటి సమాజం మొదలుపెట్టాలనుకునేవాళ్లు కథల కోసం దూరం పోనక్కర్లేదు. విదురాశ్వత్థంలోనే 1938 ఏప్రిల్ 25న కాంగ్రెసు జెండా ఎగరేయడానికి గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. కర్ణాటక జలియన్‌వాలాబాగ్ అని దానికి పేరు. అక్కడ స్మారకం ఉంది. విదురుడి చెట్టు, తూటాలు తిన్న జనం ఒకేచోట. భారతం ఆడే ఊరికి ఇంతకన్నా దగ్గరి కొత్త నాటకం దొరుకుతుందా? విదురుడి పార్టు కొన్నవాడే సూత్రధారుడై ఏప్రిల్ 25 కథ చెప్పొచ్చు. పాత సంతనీ కొత్త నాటకాన్నీ కలిపే వంతెన అక్కడ వేయొచ్చని నా ఊహ.

మరో కథ చెరువుది. ఏటి నీళ్లు ఏడాదంతా పారని జిల్లా ఇది. బోర్లు వందల అడుగులు దిగాయి. ఇప్పుడు బెంగళూరు వాడి వదిలేసిన నీటిని శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార లోయ పథకం కింద జిల్లా చెరువుల్లోకి పంపుతున్నారు. చెరువు నిండిందని సంతోషించాలా, ఆ నీళ్లు ఎక్కడివో తలచుకుని ముక్కు మూసుకోవాలా? ఈ ఒక్క ప్రశ్న మీద అత్తాకోడళ్ల మధ్య గంట నాటకం నడుస్తుంది, నవ్విస్తూనే నడుస్తుంది. కొత్త నాటకం అనగానే కన్నీళ్లే అక్కర్లేదు.

వాయిద్యం కూడా ఇక్కడిదే. కన్నడంలో తమటె, మనకు తప్పెట. పిండిపాపనహళ్లి మునివెంకటప్పకు ఆ తమటె మీద 2023లో పద్మశ్రీ వచ్చింది, ఆయనది ఈ చిక్కబళ్లాపుర జిల్లానే. చావుకూ జాతరకూ మాత్రమే పిలిచే వాయిద్యం రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లింది. ఊరి నాటకంలో దానికి ఇప్పటికీ తెర వెనకనైనా చోటు లేదు. అక్కడ హార్మోనియం, తబలా. హార్మోనియం మేష్టరు పక్కన తప్పెట వాయించేవాణ్ని కూర్చోబెడితే శ్రుతి కుదురుతుందా అని మేష్టర్లు అడుగుతారు. కుదరకపోవచ్చు. కుదరని చోట ఏం చేయాలో కనిపెట్టడమే కొత్త నాటకం పని.

భాష సంగతికి నా దగ్గర ఖాయమైన జవాబు లేదుగానీ ఒక అభిప్రాయం ఉంది. ఈ సీమ నాటకం తెలుగులో ఉండాలా కన్నడంలో ఉండాలా అని ముందే తీర్మానించుకుంటే సగం జనం లేచిపోతారు. ఇంట్లో అమ్మతో తెలుగు, తహసీల్దారు ఆఫీసులో కన్నడం, బెంగళూరు మేనేజరుతో వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడే మనిషి వేదిక మీద కూడా అలాగే మాట్లాడాలి. భాష మారిన క్షణంలో ఎవరు ఎవరికి లోబడ్డారో జనానికి చెప్పకుండానే తెలుస్తుంది. ఆఫీసులో కన్నడంలో వణికిన గొంతు ఇంటికొచ్చి తెలుగులో పెళ్లాం మీద అరిస్తే, అది ఏ రచయితా విడిగా వివరించనక్కర్లేని సీను. ఈ సౌకర్యం ఒకే భాష ఉన్న తెనాలికి లేదు. రాత ప్రతి మాత్రం కన్నడ లిపిలోనే ఉంచుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. తాతయ్య కీర్తనలు అలాగే బతికాయి.

డబ్బు మాట మళ్లీ వస్తుంది, రాక తప్పదు. పార్టు కొనే పద్ధతిని ఒక్కసారిగా మానిపించడం ఎవరి తరమూ కాదు, మానిపించాలని కూడా నేననను. కురుక్షేత్రం కురుక్షేత్రంలాగే సాగనివ్వండి. కిరీటాలు, తెరలు అక్కర్లేని చిన్న నాటకానికి ఖర్చు కూడా చిన్నదే. జాతర రాత్రి పెద్ద నాటకం మొదలయ్యే ముందు, మేకప్పులు అవుతున్న ఆ రెండు గంటలు వేదిక ఖాళీగా ఉంటుంది, జనం వచ్చి కూర్చుని ఉంటారు, మైకు అద్దె ఎలాగూ కట్టేశారు. ఆ సమయాన్ని అడిగి తీసుకోవచ్చు. గౌరీబిదనూరులో, బాగేపల్లిలో ఈ పక్క హోసూరులోనే పుట్టిన విద్యావేత్త హెచ్. నరసింహయ్య పట్టుదలతో వచ్చిన నేషనల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి పిల్లల్లో రాసేవాళ్లు ఉంటారు, ఊళ్లో ఆడేవాళ్లు ఉన్నారు. వాళ్లూ వీళ్లూ నెలకొకసారి కలవడానికి ఒక చెట్టో అరుగో కావాలి, ఒక తేదీ కావాలి.

తాలీము ఎన్నింటికి పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. పౌరాణికాలకు రాత్రి పది తర్వాత కూర్చుంటారు, మగవాళ్లకు అది బాగానే ఉంటుంది. కానీ దొడ్డబళ్లాపురం గార్మెంట్స్ ఫ్యాక్టరీల్లో రోజంతా మిషను మీద కూర్చుని, పొద్దుగూకాక ఇంటికొచ్చే ఆడవాళ్లు అప్పుడే వంట మొదలుపెడతారు. వాళ్లు వేదిక ఎక్కాలంటే రాత్రి తాలీము పనికిరాదు. ఆదివారం పగలు, అదీ మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లల్ని కూడా వెంట తెచ్చుకునే చోట పెట్టాలి.